పొలిమేర లోపలి భయం: తెలుగు భయానక చిత్రం, కుటుంబ రహస్యం, బాణామతి చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
- తెలుగు భయానక చిత్రాల్లో భయానికి కారకుడిగా చూపే వ్యక్తి కాలక్రమంలో ఎలా మారాడో వివరించగలుగుతారు.
- స్వతంత్ర నిర్మాతలు భయానక కథలను ఎందుకు ఎన్నుకుంటారో చెప్పగలుగుతారు.
- చేతబడి, బాణామతి నిందల వెనుక ఉన్న సామాజిక కారణాలను గుర్తించగలుగుతారు.
- సినిమాను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

చరిత్ర పాఠంలో దెయ్యాల సినిమా ఎందుకు అనే సందేహం మీకు కలగవచ్చు. శాసనాలు, ఫర్మానాలు, రెవెన్యూ రికార్డులు రాజ్యం గురించి చాలా చెబుతాయి. సామాన్యులు రాత్రిపూట దేనికి భయపడ్డారో, తమ ఇంట్లో ఎవరిని అనుమానించారో అవి అరుదుగా చెబుతాయి. భయాలకు కూడా చరిత్ర ఉంది. ఒక తరం అడవిలోని మాంత్రికుడికి భయపడితే, మరొక తరం పాడుబడిన బంగళాకు భయపడింది. మన కాలపు చిత్రాలు చూపుతున్న భయం ఇంకా దగ్గరిది. అది సొంత అన్న, సొంత భార్య, పక్కింటి మనిషి దాచిన రహస్యం గురించినది.

ఈ మార్పును అర్థం చేసుకోవడానికి మనం రెండు విషయాలను పక్కపక్కన పెట్టి పరిశీలిద్దాం. మొదటిది, 2021లో విడుదలైన 'మా ఊరి పొలిమేర' అనే తక్కువ ఖర్చుతో తీసిన తెలుగు చిత్రం. రెండవది, సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని కల్హేర్ వంటి సరిహద్దు మండలాల ప్రజలకు తరతరాలుగా తెలిసిన 'బాణామతి' అనే మాట. సినిమా ఈ ప్రాంతంలో జరిగిన సంఘటన ఆధారంగా తీసినది కాదు. అయితే సినిమా కల్పించిన కథకూ, పల్లెల్లో నిజంగా జరిగే అనుమానాలకూ మధ్య ఉన్న పోలికలు, తేడాలు రెండూ చరిత్ర విద్యార్థికి ఉపయోగపడతాయి.

2. కల్హేర్ ప్రాంతం: మూడు భాషల పొలిమేర

కల్హేర్ మండలం మంజీర నదికి, నిజాంసాగర్ జలాశయానికి దగ్గరలో ఉంది. నేడు ఇది సంగారెడ్డి జిల్లాలో భాగం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు మెదక్ జిల్లాలో ఉండేది. ఇంకా వెనక్కి వెళితే, నారాయణఖేడ్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాకు చెందినది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు బీదర్ జిల్లాను మూడు రాష్ట్రాలు పంచుకున్నాయి. కన్నడ ప్రాంతం మైసూరుకు, మరాఠీ ప్రాంతం బొంబాయికి, నారాయణఖేడ్, జహీరాబాద్ వంటి తెలుగు ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి.

పటం మీద గీత గీయడం సులువు. నమ్మకాల మీద గీత గీయడం సాధ్యం కాదు. తెలుగులో 'బాణామతి' అనే మాటకు కన్నడలో, మరాఠీలో దాదాపు అదే మాట ఉంది. మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా, మెదక్ ప్రాంతాల్లో వినిపించే కథలు కూడా ఒకే తీరుగా ఉంటాయి. రాత్రి ఇంటిమీద రాళ్లు పడతాయి. పెట్టెలో మడతపెట్టిన బట్టలు కాలిపోతాయి. వండిన అన్నంలో మట్టి కనబడుతుంది. ఇంట్లో ఒక ఆడమనిషి ఉన్నట్టుండి వింతగా అరుస్తుంది. ఎవరో చేయించారని అందరూ నమ్ముతారు. ఆ 'ఎవరో' అనే చోట ఒక పేరు చేరినప్పుడు కథ కాస్తా ప్రమాదంగా మారుతుంది.

1989లో నరేంద్ర దాభోల్కర్ స్థాపించిన మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన్ సమితి కార్యకర్తలు ఇటువంటి ఇళ్లకు వెళ్లి పరిశీలనలు జరిపారు. ఇంటివారందరితో విడివిడిగా మాట్లాడి, ఏ సంఘటన ఎప్పుడు జరిగిందో, అప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో నమోదు చేసేవారు. చాలా సందర్భాల్లో ఆ పనులు చేస్తున్నది ఇంట్లోనే ఉన్న ఒక మనిషని తేలేది. తరచుగా ఆ మనిషి తన బాధను నోరువిప్పి చెప్పుకునే అవకాశం లేని స్థితిలో ఉండేవారు. తెలుగు ప్రాంతంలో జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊరూరా మ్యాజిక్ ప్రదర్శనలు ఇచ్చి, మంత్రగాళ్లు వాడే కిటుకులను విప్పి చూపాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన అంశాన్ని గమనించాలి. బాణామతి కథలో దోషి బయటివాడు. పరిశీలనలో తేలిన కారణం మాత్రం ఇంటి లోపలిది. కుటుంబం తన లోపలి గాయాన్ని బయటి శత్రువు పేరు మీద చెప్పుకుంటున్నది. ఈ పాఠ్యభాగంలోని ప్రధాన వాదన ఇదే. దీన్ని గుర్తుంచుకొని ఇప్పుడు సినిమా వైపు వెళదాం.

3. తెలుగు తెర మీద భయం: గుహ నుంచి గది వరకు

తెలుగు తెరపై భయం కలిగించిన పాత్రలలో అందరికీ గుర్తుండేది 'పాతాళ భైరవి' (1951)లోని నేపాళ మాంత్రికుడు. కె.వి. రెడ్డి దర్శకత్వంలో ఎస్.వి. రంగారావు పోషించిన ఈ పాత్ర పేరులోనే పరాయితనం ఉంది. అతడు దూరదేశం నుంచి వస్తాడు, గుహలో ఉంటాడు, వేషభాషల్లో వేరుగా కనిపిస్తాడు. అతన్ని గుర్తుపట్టడానికి ప్రేక్షకుడికి ఏ కష్టమూ లేదు. అతడు చనిపోతే లోకం మళ్లీ క్షేమంగా ఉంటుంది.

1960లలో భయం పెద్ద ఇంటికి చేరింది. హిందీలో 'మహల్' (1949), 'వో కౌన్ థీ' (1964) చిత్రాలు బంగళాను, తెల్లచీర స్త్రీని, రాత్రి పాటను ఒక మూసగా స్థిరపరిచాయి. తెలుగులో 'ఆమె ఎవరు?' (1966) ఆ దారిలోనే వచ్చింది. ఇటువంటి కథల్లో దెయ్యం అనుకున్నది చివరికి ఆస్తి కోసం పన్నిన కుట్రగా తేలడం సాధారణం. జమీందారీలు రద్దయి, పెద్ద కుటుంబాల ఆస్తులు పంపకాలకు వచ్చిన కాలంలో ఈ కథలు ఆదరణ పొందాయి. ఈ రెంటి మధ్య సూటి సంబంధాన్ని రుజువు చేయలేం. అయినా ఆస్తి తగాదా, ఇంటి దెయ్యం పక్కపక్కనే కనిపించడం గమనించదగినది.

1980లలో చేతబడి పట్టణ మధ్యతరగతి ఇంట్లోకి ప్రవేశించింది. యండమూరి వీరేంద్రనాథ్ నవల 'తులసిదళం' వారపత్రిక పాఠకులను వారం వారం ఎదురుచూసేలా చేసింది. దాని కొనసాగింపు 'తులసి' ఆధారంగా 1986లో 'కాష్మోరా' చిత్రం వచ్చింది. ఇక్కడ ప్రయోగానికి గురయ్యేది ఒక చిన్నపిల్ల. కథలో డాక్టర్లు ఉంటారు, మంత్రగాళ్లు ఉంటారు, వారి మధ్య వాదనలూ ఉంటాయి. రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి' (1992) కొత్త ఇంట్లోకి మారిన మామూలు కుటుంబాన్ని తీసుకుంది. కోట, గుహ అవసరం లేకుండానే వంటగదిలో, మెట్ల దగ్గర భయం పుట్టించవచ్చని ఆ చిత్రం చూపింది.

2009లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'అరుంధతి' గద్వాల సంస్థానం నేపథ్యంగా సాగిన భారీ చిత్రం. దానిలోని దుష్టుడు పశుపతి బయటివాడు కాదు, ఆ ఇంటి అల్లుడు. ఇంట్లో జరిగిన అత్యాచారాన్ని, హత్యను, ప్రతీకారాన్ని ఆ కుటుంబం కోటలోని ఒక సమాధిలో మూసిపెడుతుంది. కథంతా ఆ సమాధి తెరుచుకోవడం చుట్టూ తిరుగుతుంది. పాత చిత్రాల్లో గుహలో ఉన్న మాంత్రికుడు ఇక్కడ ఇంటి చుట్టరికంలోకి వచ్చేశాడు.

స్వీయ పరిశీలన 1: 'పాతాళ భైరవి'లోని మాంత్రికుడికీ, 'అరుంధతి'లోని పశుపతికీ కుటుంబంతో ఉన్న సంబంధంలో తేడా ఏమిటి? అయిదు వాక్యాల్లో రాయండి.

4. స్వతంత్ర చిత్రానికీ భయానికీ ఉన్న బంధం

పెద్ద నిర్మాణ సంస్థ, పేరున్న కథానాయకుడు, పంపిణీదారుల ముందస్తు పెట్టుబడి లేకుండా తయారయ్యే చిత్రాన్ని స్థూలంగా స్వతంత్ర చిత్రం అంటాం. ఇటువంటి నిర్మాతలు ప్రపంచమంతటా భయానక కథలవైపు మొగ్గడానికి ఆర్థిక కారణాలు ఉన్నాయి. ఒక ఇల్లు, కొద్దిమంది నటులు, చీకటి, శబ్దం ఉంటే కథ నడుస్తుంది. ప్రేక్షకుడు నటుడి పేరు చూసి కాక, భయపడాలనే కోరికతో వస్తాడు. తెలియని ముఖం ఉండటమే కొన్నిసార్లు లాభిస్తుంది. పేరున్న నటుడు ఎలాగూ చనిపోడని ప్రేక్షకుడికి తెలుసు. కొత్త నటుడి విషయంలో ఆ ధీమా ఉండదు.

అమెరికాలో జార్జ్ రొమెరో 1968లో చాలా తక్కువ ఖర్చుతో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' దాదాపు మొత్తం ఒక పల్లెటూరి ఇంట్లోనే జరుగుతుంది. టోబీ హూపర్ 1974లో తీసిన 'ది టెక్సస్ చైన్‌సా మాసకర్'లో రాక్షసుడు ఒక్కడు కాదు, ఒక కుటుంబమే. హిందీలో రామ్సే సోదరులు 'దో గజ్ జమీన్ కే నీచే' (1972) మొదలుకొని ఇటువంటి చిత్రాలనే తమ వృత్తిగా చేసుకున్నారు. వారి 'పురానా మందిర్' (1984) ఒక రాజకుటుంబాన్ని వెంటాడే శాపం గురించినది. చిత్రమేమిటంటే, దర్శకత్వం, ఛాయాగ్రహణం, శబ్దం వంటి పనులను ఆ అన్నదమ్ములే పంచుకునేవారు. కుటుంబ శాపాల కథలను ఒక కుటుంబమే చిన్న పరిశ్రమగా నడిపింది.

తెలుగులో 'మంత్ర' (2007), రవిబాబు తీసిన 'అవును' (2012) తక్కువ వ్యయపు భయానక చిత్రాలకు మార్కెట్ ఉందని నిరూపించాయి. డిజిటల్ కెమెరాలు ఫిల్ము ఖర్చును తొలగించాయి. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వల్ల థియేటర్లు మూతపడ్డాయి. అదే సంవత్సరం తెలుగుకే ప్రత్యేకించిన 'ఆహా' వంటి ఓటీటీ వేదికలు వచ్చాయి. థియేటర్ దొరకని చిన్న చిత్రానికి ఇంటింటి ఫోన్‌లోకి దారి ఏర్పడింది. కుటుంబ రహస్యాల కథను కుటుంబం తన ఇంట్లోనే కూర్చొని చూసే పరిస్థితి ఆ విధంగా వచ్చింది.

5. 'మా ఊరి పొలిమేర': ఒక పరిశీలన

డాక్టర్ అనిల్ విశ్వనాథ్ రాసి, దర్శకత్వం వహించిన 'మా ఊరి పొలిమేర' 2021 డిసెంబరులో థియేటర్లకు వెళ్లకుండా నేరుగా డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో విడుదలైంది. అప్పటివరకు ఎక్కువగా హాస్య పాత్రలతో తెలిసిన సత్యం రాజేష్ ఇందులో కొమరయ్యగా, బాలాదిత్య అతని తమ్ముడు జంగయ్యగా నటించారు. కామాక్షి భాస్కర్ల, గెటప్ శ్రీను ఇతర ముఖ్య పాత్రలు పోషించారు. పెద్ద ప్రచారం లేకుండా వచ్చిన ఈ చిత్రం ప్రేక్షకుల నోటిమాటతో పేరు తెచ్చుకుంది. దానికి కొనసాగింపుగా తీసిన రెండో భాగం 2023 నవంబరు 3న థియేటర్లలోనే విడుదలైంది. చిన్న తెర నుంచి పెద్ద తెరకు జరిగిన ఈ ప్రయాణం స్వతంత్ర చిత్రాల చరిత్రలో గుర్తుంచుకోదగినది.

కథలో ఒక ఊరు, ఒక కుటుంబం ఉన్నాయి. ఊళ్లో అనుమానాస్పద మరణాలు సంభవిస్తాయి. చేతబడి మాట పుడుతుంది. ఆ అనుమానం కొమరయ్యను చుట్టుకుంటుంది. నిజం కనుక్కోవాలని తమ్ముడు బయలుదేరుతాడు. అతడు వెతికే కొద్దీ తాను ఎరిగిన అన్న వేరు, ఉన్న అన్న వేరు అని తెలుస్తుంది. ప్రేక్షకుడిని కుదిపేది క్షుద్రపూజ దృశ్యం కంటే ఈ సంగతే. ఒకే ఇంట్లో పెరిగి, ఒకే కంచంలో తిన్న మనిషి ఇంతకాలం ఎవరు అనే ప్రశ్న మిగిలిపోతుంది.

చిత్రం పేరును కూడా చరిత్ర దృష్టితో చదవాలి. తెలుగు పల్లెల్లో పొలిమేర అంటే భూమి హద్దు మాత్రమే కాదు. ఊరి మధ్యన బొడ్రాయి, అంచున పోచమ్మ, మైసమ్మ వంటి గ్రామదేవతల గుళ్లు ఊరికి రక్షణ అని నమ్మేవారు. కలరా, మశూచి ప్రబలినప్పుడు ఊరంతా కలిసి జాతర చేసి, అన్నం, బలి రక్తం కలిపిన 'పొలి'ని హద్దు వెంట చల్లేవారు. కీడును పొలిమేర దాటించడం అంటే అదే. ఈ ఆచారం వెనుక ఒక స్పష్టమైన నమ్మకం ఉంది. చెడు బయట ఉంటుంది, ఊరు లోపల క్షేమంగా ఉంటుంది. సినిమా ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. కీడు పొలిమేర లోపలే, ఇంటి గడప లోపలే ఉందని చెప్పింది.

ఆ తరవాతి చిత్రాల్లోనూ ఈ ధోరణి కొనసాగింది. 'మసూద' (2022)లో ఒంటరిగా కూతురిని పెంచుకుంటున్న ఉపాధ్యాయురాలి ఇంట్లోకి మరొక కుటుంబం దాచిన నేరం వచ్చి చేరుతుంది. పెద్ద నిర్మాణమైన 'విరూపాక్ష' (2023)లో కథకు మూలం గ్రామస్థులు చేతబడి అనుమానంతో ఒక దంపతులను సజీవంగా కాల్చివేయడం. ఇక్కడ రహస్యం ఒక కుటుంబానిది కాదు, ఊరందరూ కలిసి చేసి, కలిసి దాచిన నేరం.

6. నింద ఎవరి మీద పడుతుంది?

చేతబడి నిందలను మానవశాస్త్రవేత్తలు, చరిత్రకారులు చాలాకాలంగా అధ్యయనం చేస్తున్నారు. ఆఫ్రికాలోని అజాండే ప్రజల గురించి ఇవాన్స్-ప్రిచర్డ్ 1937లో ప్రచురించిన గ్రంథంలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. ధాన్యపు గాదె కూలి, దాని నీడలో కూర్చున్నవారు గాయపడ్డారు. గాదె స్తంభాలను చెదలు తిన్నాయని అజాండేలకు తెలుసు. సరిగ్గా ఆ మనుషులు కూర్చున్న వేళనే అది ఎందుకు కూలింది అనేది వారి ప్రశ్న. ఆ 'ఎందుకు'కు వారు చెప్పుకునే జవాబు క్షుద్రశక్తి. ఆపై, ఎవరితో ముందే వైరం ఉందో వారి మీదికే అనుమానం వెళుతుంది.

ఇంగ్లండు గురించి కీత్ థామస్ 1971లో ప్రచురించిన పరిశోధనలో మరొక కోణం ఉంది. సహాయం అడిగి వచ్చిన పేద ముసలమ్మను ఇంటివారు కాదని పంపేస్తారు. తరవాత ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, ఆమె శపించిందని అనుకుంటారు. తమ మనసులోని అపరాధభావాన్నే ఆమె మీద నేరంగా మోపుతారు.

ఈ రెండు పరిశీలనలను మన పల్లెలకు అన్వయించి చూడండి. నింద ఎప్పుడూ తెలియని మనిషి మీద పడదు. గట్టు తగాదా ఉన్న దాయాది, పంపకంలో అన్యాయం జరిగిన తమ్ముడు, పిల్లలు లేని ఒంటరి స్త్రీ, భర్త పోయిన ఆడపడుచు, మూలికలు ఇచ్చే ముసలాయన దీనికి ముందుగా గురవుతారు. ఆసుపత్రి దూరంగా ఉండి, జబ్బు పేరు చెప్పేవారు లేని చోట ఈ నింద ఇంకా త్వరగా అంటుకుంటుంది. పేరు తెలియని జ్వరానికి కారణం దొరకనప్పుడు, పేరు తెలిసిన మనిషి కారణమవుతాడు.

స్వీయ పరిశీలన 2: మీ ప్రాంతంలో చేతబడి మాట వినిపించిన సందర్భాన్ని పెద్దలను అడిగి తెలుసుకోండి. వ్యక్తుల పేర్లు రాయకుండా, ఆ నిందకు ముందు ఉన్న తగాదా ఏమిటో ఒక పేజీలో నమోదు చేయండి.

7. తెర, చట్టం, ప్రాణం

ఈ అంశం కథలకే పరిమితమైనది కాదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో కులసంఘం సమావేశం జరుగుతుండగా, మంత్రాలు చేస్తున్నారనే అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపారు. 2024 అక్టోబరులో మెదక్ జిల్లాలోని ఒక గ్రామంలో ఇదే అనుమానంతో ఒక మహిళకు నిప్పంటించారు. ఆమె చనిపోయింది.

'పొలిమేర' విడుదలైన కొద్ది వారాలకే జగిత్యాల సంఘటన జరిగింది కనుక, సినిమా వల్లనే ఇది జరిగిందని చెప్పవచ్చా? చెప్పరాదు. ఒకదాని తరవాత మరొకటి జరగడం కార్యకారణ సంబంధానికి రుజువు కాదు. ఇటువంటి హత్యలు సినిమా పుట్టకముందు నుంచీ ఉన్నాయి. అయితే సినిమాకు బాధ్యత లేదని కూడా అనలేం. తెర మీద చేతబడి ఫలిస్తుంది, బొమ్మకు గుచ్చిన సూది మనిషికి తగులుతుంది. కథకు అది అవసరం కావచ్చు. చూసే ఇంట్లో అప్పటికే ఎవరి మీదనో అనుమానం ఉంటే, ఆ దృశ్యం ఆ అనుమానానికి బలం చేకూర్చవచ్చు. కాబట్టి చరిత్రకారుడు ఇటువంటి చిత్రాన్ని చేతబడి ఉందనడానికి ఆధారంగా కాక, అయినవారి మీద నమ్మకం సడలిన సమాజానికి ఆధారంగా చదవాలి.

ఒకప్పుడు బీదర్ జిల్లాను పంచుకున్న పొరుగు రాష్ట్రాలు ఈ సమస్యకు చట్టంతో జవాబు చెప్పాయి. 2013 ఆగస్టు 20న పుణెలో దాభోల్కర్ హత్యకు గురయ్యారు. ఆయన ఏళ్ల తరబడి కోరిన చట్టాన్ని మహారాష్ట్ర అదే ఏడాది చేసింది. కర్ణాటక 2017లో ఇటువంటి చట్టాన్ని ఆమోదించి, 2020లో అమలులోకి తెచ్చింది. ఒక వ్యక్తి క్షుద్రశక్తులు ప్రయోగిస్తున్నాడని ముద్రవేసి వేధించడాన్ని కూడా మహారాష్ట్ర చట్టం నేరంగా పరిగణిస్తుంది. ఇది చాలా కీలకమైన విషయం. హత్య జరిగిన తరవాత శిక్షించడానికి సాధారణ చట్టం చాలు. హత్యకు మొదటి మెట్టయిన నింద దగ్గరే ఆపాలంటే, నింద వేయడమే తప్పని చట్టమూ, సమాజమూ రెండూ గుర్తించాలి.

8. సారాంశం

తెలుగు తెరపై భయం ఏడు దశాబ్దాల్లో దూరం నుంచి దగ్గరకు వచ్చింది. పరదేశి మాంత్రికుడి గుహ, జమీందారు బంగళా, మధ్యతరగతి ఇల్లు దాటి చివరకు సొంత అన్న మనసు దాకా చేరింది. తక్కువ పెట్టుబడి, డిజిటల్ సాంకేతికత, ఓటీటీ వేదికలు ఈ మార్పును వేగవంతం చేశాయి. కల్హేర్ వంటి సరిహద్దు ప్రాంతాలకు తెలిసిన బాణామతి కథల్లోనూ అసలు కారణం తరచుగా ఇంటి లోపలే దొరికింది. ఈ రెంటి మధ్య తేడా ఒక్కటే. సినిమాలో రహస్యం బయటపడితే కథ ముగుస్తుంది. పల్లెలో మాత్రం అసలు రహస్యం, అంటే ఆస్తి తగాదా, చెప్పుకోలేని బాధ, పేరు తెలియని జబ్బు, బయటపడకముందే ఎవరో ఒకరు దోషిగా నిలబడవలసి వస్తుంది. మనిషిని దోషిగా నిలబెట్టే ముందు ఆ ఇంటి కథను అడిగి తెలుసుకోవడం చరిత్ర విద్యార్థి నేర్చుకోవలసిన పద్ధతి. అది పౌరుడికీ అవసరమైన పద్ధతే.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తెలుగు భయానక చిత్రాల్లో భయం బయటి నుంచి కుటుంబం లోపలికి మారిన క్రమాన్ని ఉదాహరణలతో చర్చించండి.
2. చేతబడి నిందల సామాజిక మూలాలను ఇవాన్స్-ప్రిచర్డ్, కీత్ థామస్ పరిశీలనల ఆధారంగా వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. స్వతంత్ర నిర్మాతలు భయానక కథలను ఎంచుకోవడానికి గల ఆర్థిక కారణాలు ఏవి?
2. గ్రామీణ ఆచారాల్లో పొలిమేరకు ఉన్న ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. సినిమాను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు కార్యకారణ సంబంధం విషయంలో ఏ జాగ్రత్త అవసరం?